యూనిట్ – 9 : డెవలప్‌మెంట్ ప్యాకేజీల్లో లైబ్రరీ మెటాడేటా ఫైళ్లు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు :

• రన్‌టైమ్ ప్యాకేజీకి, డెవలప్‌మెంట్ ప్యాకేజీకి మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• లైబ్రరీతో పాటు మెటాడేటా ఫైలును ఎందుకు ఇవ్వాలో చెప్పగలుగుతారు.
• పీసీ ఫైలులోని ముఖ్యమైన అంశాలను గుర్తించి, ఒక్కొక్కదాని ప్రయోజనాన్ని తెలపగలుగుతారు.
• సీమేక్ కాన్ఫిగ్ ఫైలు, లిబ్‌టూల్ ఫైలు ఏమిటో తెలుసుకుని, వాటిలో దేనిని ప్యాకేజీలో ఉంచాలో, దేనిని తీసివేయాలో నిర్ణయించగలుగుతారు.
• మీరు తయారుచేసిన ప్యాకేజీని మరొకరికి ఇచ్చే ముందు పరీక్షించగలుగుతారు.

గమనిక : ఈ పాఠంలో ఫైళ్ల పేర్లను, కమాండ్‌లను తెలుగు లిపిలో ఇస్తున్నాం. కంప్యూటర్ మీద అభ్యాసం చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలి.

9.1 పరిచయం

ఇంతకుముందు యూనిట్లలో లైబ్రరీ అంటే ఏమిటో, దానిని ఎలా కంపైల్ చేయాలో తెలుసుకున్నారు. మీ కంప్యూటర్‌లో పనిచేసే లైబ్రరీని తయారుచేయడం ఒక పని. మీరు పక్కన లేనప్పుడు కూడా అది ఇంకొకరి కంప్యూటర్‌లో పనికివచ్చేటట్లు అందించడం మరొక పని. ఈ యూనిట్‌లో రెండో పనిని గురించి చర్చిద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జనగామలోని ఒక విద్యార్థి తెలుగులో రాసిన ఊరి పేరును బోర్డు మీద ముద్రించడానికి వీలైన బొమ్మగా మార్చే చిన్న లైబ్రరీని సీ భాషలో రాశాడనుకోండి. దానికి 'ఊరిపేరు' అని పేరు పెట్టాడు. మహబూబాబాద్‌లోని ఒక విద్యార్థిని బస్సుల బోర్డులకు సంబంధించిన తన ప్రాజెక్టులో దానిని వాడుకోవాలనుకుంది. భూపాలపల్లిలోని మరొక విద్యార్థి కూడా దానిని తీసుకున్నాడు. జనగామ విద్యార్థి కంప్యూటర్‌లో ఉబుంటు ఉంది. మహబూబాబాద్ విద్యార్థిని ఫెడోరా వాడుతున్నది. భూపాలపల్లి విద్యార్థి దగ్గర ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు.

ఈ పని పైకి కనిపించేంత సులువు కాదు. 'జనగామ' అనే మాటలో ఒత్తులు లేవు. యూనికోడ్‌లో అది 5 సంకేతాలు. 'భూపాలపల్లి' రాయడానికి 10 సంకేతాలు కావాలి. చదివేటప్పుడు మాత్రం అవి భూ, పా, ల, ప, ల్లి అనే 5 అక్షరాలుగా కనిపించాలి. చివరి ల, పొల్లు, ల, గుడి అనే నాలుగూ కలిసి 'ల్లి' కావాలి. ఈ కలయికను సరిగా చేయని ప్రోగ్రామ్ లకారం కింద ఒత్తు ఉంచలేక, రెండు లకారాలనూ పక్కపక్కన పెట్టి మధ్యలో పొల్లు చూపిస్తుంది. సంకేతాలను అక్షర రూపాలుగా కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రాఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ దానినే వాడుకుంటాయి. కనుక మన 'ఊరిపేరు' లైబ్రరీ హార్ఫ్‌బజ్ మీద ఆధారపడుతుంది. అక్షరాల ఆకారాలను ఫాంట్ ఫైలులోంచి చదివి గీయడానికి ఫ్రీటైప్ అనే ఇంకొక లైబ్రరీ కూడా కావాలి.

జనగామ విద్యార్థి తన లైబ్రరీ ఫైలును, హెడర్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. అతని కంప్యూటర్‌లో పనిచేసిన ప్రోగ్రామ్ మిగిలిన ఇద్దరి దగ్గర కంపైల్ కాలేదు. కోడ్‌లో తప్పేమీ లేదు. మరి లోపం ఎక్కడుంది?

9.2 రన్‌టైమ్ ప్యాకేజీ, డెవలప్‌మెంట్ ప్యాకేజీ

లైనక్స్ పంపిణీలు ఒక లైబ్రరీని సాధారణంగా రెండు ప్యాకేజీలుగా విడగొడతాయి.

మొదటిది రన్‌టైమ్ ప్యాకేజీ. తయారైన ప్రోగ్రామ్ నడవడానికి అవసరమైన షేర్డ్ లైబ్రరీ మాత్రమే ఇందులో ఉంటుంది. డెబియన్‌లో హార్ఫ్‌బజ్ రన్‌టైమ్ ప్యాకేజీ పేరు లిబ్‌హార్ఫ్‌బజ్0బి. తెలుగు వార్తలు చదువుకునే మామూలు వినియోగదారుకు ఇది చాలు.

రెండోది డెవలప్‌మెంట్ ప్యాకేజీ. ఆ లైబ్రరీని వాడి కొత్త ప్రోగ్రామ్ రాసేవారికి ఇది అవసరం. డెబియన్, ఉబుంటులలో దీని పేరు 'డెవ్' అని, ఫెడోరాలో 'డెవెల్' అని ముగుస్తుంది. ఇందులో ఉండేవి :

1. హెడర్ ఫైళ్లు.
2. లింకర్ వెతికే, వెర్షన్ సంఖ్య లేని పేరు. ఇది అసలు లైబ్రరీకి దారి చూపే ఒక లింకు.
3. కొన్ని సందర్భాల్లో స్టాటిక్ లైబ్రరీ.
4. మెటాడేటా ఫైళ్లు.

మొదటి మూడింటిని ఎవరూ మరచిపోరు, ఎందుకంటే అవి లేకపోతే తయారుచేసినవారి కంప్యూటర్‌లోనే పని ఆగిపోతుంది. నాలుగోది లేకపోయినా తయారుచేసినవారికి ఏ ఇబ్బందీ రాదు. అది వాడుకునేవారికే వస్తుంది. అందువల్లనే దానిని ఎక్కువమంది మరచిపోతారు.

9.3 మెటాడేటా ఫైలు ఎందుకు?

మెటాడేటా అంటే సమాచారాన్ని గురించిన సమాచారం. ఒక లైబ్రరీని వాడాలంటే కంపైలర్‌కు, లింకర్‌కు నాలుగు విషయాలు తెలియాలి : హెడర్ ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉన్నాయి? లైబ్రరీ ఏ డైరెక్టరీలో, ఏ పేరుతో ఉంది? అది ఇంకే లైబ్రరీల మీద ఆధారపడి ఉంది? దాని వెర్షన్ ఎంత?

ఈ సమాచారం లైబ్రరీలోనే ఉంటుంది కదా అని మీకు సందేహం రావచ్చు. ఫాంట్‌ల విషయంలో అది నిజమే. పోతన స్వగ్రామంగా చెప్పుకునే బమ్మెర ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. ఆ కవి పేరుతో ఉన్న పోతన2000 ఫాంట్‌ను డెబియన్‌లో ప్యాకేజీగా పొందవచ్చు. ఫాంట్ పేరు, వెర్షన్, అక్షరాల కూర్పు నియమాలు అన్నీ ఆ ఫాంట్ ఫైలులోని పట్టికల్లోనే ఉంటాయి. ఫైలును సరైన చోట ఉంచితే చాలు.

సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అలా కాదు. షేర్డ్ లైబ్రరీలో దాని సొంత పేరు, నడిచే సమయంలో దానికి అవసరమయ్యే ఇతర లైబ్రరీల పేర్లు ఉంటాయి. హెడర్ ఫైళ్లు ఎక్కడున్నాయో, కంపైలర్‌కు ఏ ఆప్షన్లు ఇవ్వాలో అందులో ఉండదు. స్టాటిక్ లైబ్రరీలోనైతే ఆధారాల జాబితా కూడా ఉండదు.

హార్ఫ్‌బజ్‌నే చూడండి. దాని ముఖ్య హెడర్ పేరు హెచ్‌బీ.హెచ్. ప్రోగ్రామ్‌లో ఆ పేరే రాస్తాం. కాని ఆ ఫైలు నేరుగా ఇన్‌క్లూడ్ డైరెక్టరీలో ఉండదు. దానిలో 'హార్ఫ్‌బజ్' అనే లోపలి డైరెక్టరీలో ఉంటుంది. ఆ దారి చెప్పకపోతే కంపైలర్ హెడర్ దొరకలేదని ఆగిపోతుంది. ఫ్రీటైప్ హెడర్లు కూడా అలాగే 'ఫ్రీటైప్2' అనే లోపలి డైరెక్టరీలో ఉంటాయి.

లైబ్రరీల చోటు కూడా అన్ని కంప్యూటర్లలో ఒకటి కాదు. 64 బిట్ ఉబుంటులో అవి ఎక్స్86_64-లైనక్స్-గ్నూ అనే డైరెక్టరీలో ఉంటాయి. ఫెడోరాలో లిబ్64లో ఉంటాయి. 64 బిట్ రాస్ప్‌బెర్రీ పైలో ఆర్చ్64-లైనక్స్-గ్నూ అనే డైరెక్టరీలో ఉంటాయి. మన ముగ్గురు విద్యార్థులకు మూడు వేర్వేరు దారులు ఉన్నాయన్నమాట. జనగామలో చేత్తో రాసిన దారి మహబూబాబాద్‌లో చెల్లదు, భూపాలపల్లిలోనూ చెల్లదు.

పూర్వం ఈ సమస్యకు ఒక్కొక్క లైబ్రరీ ఒక్కొక్క స్క్రిప్టును ఇచ్చేది. గ్లిబ్-కాన్ఫిగ్, జీటీకే-కాన్ఫిగ్, ఫ్రీటైప్-కాన్ఫిగ్ అలాంటివే. ఎన్ని లైబ్రరీలుంటే అన్ని స్క్రిప్టులు అవసరమయ్యేవి. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు ఉన్నప్పుడు ఏ స్క్రిప్టు దేనికి చెందినదో తేల్చడం కష్టమయ్యేది. ఆ స్క్రిప్టుల స్థానంలో గ్నోమ్ ప్రాజెక్టు వర్గాల నుంచి పీకేజీ-కాన్ఫిగ్ అనే ఉమ్మడి సాధనం వచ్చింది. స్క్రిప్టుకు బదులు ప్రతి లైబ్రరీ ఒక చిన్న పాఠ్య ఫైలును ఇస్తే చాలు. ఆ ఫైళ్లన్నింటినీ ఒకే సాధనం చదువుతుంది. ఇప్పుడు ఫెడోరాలోనూ, డెబియన్ 12 నుంచి డెబియన్‌లోనూ ఈ పనిని పీకేజీకాన్ఫ్ అనే కొత్త సాధనం చేస్తున్నది. ఫైళ్ల రూపం మారలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) డెవలప్‌మెంట్ ప్యాకేజీలో ఉండే నాలుగు రకాల ఫైళ్లను పేర్కొనండి.
ఆ) ఫాంట్‌కు విడిగా మెటాడేటా ఫైలు అవసరం లేదు, లైబ్రరీకి ఉంది. ఎందుకు?

9.4 పీసీ ఫైలు నిర్మాణం

ఈ పాఠ్య ఫైలు పేరు చివర చుక్క, పీసీ అనే రెండు అక్షరాలు ఉంటాయి. అది సాధారణంగా పది పదిహేను పంక్తులకు మించదు. మన లైబ్రరీకి దాని పేరు ఊరిపేరు.పీసీ. ఫైలు పైభాగంలో చరరాశులు ఉంటాయి :

• ప్రిఫిక్స్ : ప్యాకేజీ మొత్తానికి మూల డైరెక్టరీ.
• లిబ్‌డిర్ : లైబ్రరీ ఉన్న డైరెక్టరీ.
• ఇన్‌క్లూడ్‌డిర్ : హెడర్లు ఉన్న డైరెక్టరీ. చివరి రెండింటిని సాధారణంగా ప్రిఫిక్స్ ఆధారంగా రాస్తారు.

వాటి కింద ముఖ్యాంశాలు ఉంటాయి :

• నేమ్, డిస్క్రిప్షన్ : మనుషులు చదువుకోవడానికి పేరు, ఒక వాక్యంలో వివరణ.
• వెర్షన్ : లైబ్రరీ వెర్షన్ సంఖ్య.
• సీఫ్లాగ్స్ : కంపైలర్‌కు ఇవ్వవలసిన ఆప్షన్లు. హెడర్ల దారి ఇక్కడే ఉంటుంది.
• లిబ్స్ : లింకర్‌కు ఇవ్వవలసిన ఆప్షన్లు.
• రిక్వైర్స్ : ఈ లైబ్రరీని వాడేవారికి కూడా నేరుగా అవసరమయ్యే ఇతర లైబ్రరీలు.
• రిక్వైర్స్.ప్రైవేట్, లిబ్స్.ప్రైవేట్ : ఈ లైబ్రరీ తన లోపల మాత్రమే వాడుకునేవి. స్టాటిక్‌గా లింకు చేసేటప్పుడు ఇవి కూడా లింకర్‌కు అందాలి.

రిక్వైర్స్, రిక్వైర్స్.ప్రైవేట్‌ల మధ్య తేడాలో విద్యార్థులు తరచుగా పొరపడతారు. దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. 'ఊరిపేరు' హెడర్ ఫైలును తెరవండి. అందులో హెచ్‌బీ.హెచ్‌ను చేర్చి ఉంటే, మీ లైబ్రరీని వాడే ప్రతివారికీ హార్ఫ్‌బజ్ హెడర్ కావాలి; కనుక హార్ఫ్‌బజ్‌ను రిక్వైర్స్‌లో రాయాలి. అలా కాక హార్ఫ్‌బజ్‌ను మీ సీ ఫైళ్లలోనే వాడుకుని ఉంటే రిక్వైర్స్.ప్రైవేట్‌లో రాయాలి. అవసరం లేకుండా అన్నింటినీ రిక్వైర్స్‌లో రాస్తే, వాడేవారి ప్రోగ్రామ్ తనకు సంబంధం లేని లైబ్రరీలతో కూడా ముడిపడే ప్రమాదం ఉంది. రేపు ఆ లైబ్రరీ మారినప్పుడు ఆ ప్రోగ్రామ్‌ను కారణం లేకుండా మళ్లీ తయారుచేయవలసి వస్తుంది.

ఇప్పుడు మహబూబాబాద్ విద్యార్థిని దారులేవీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. పీకేజీ-కాన్ఫిగ్‌కు సీఫ్లాగ్స్, లిబ్స్ అనే రెండు ఆప్షన్లు ఇచ్చి 'ఊరిపేరు' అని అడిగితే, తన కంప్యూటర్‌కు సరిపోయే జవాబు వస్తుంది. భూపాలపల్లి విద్యార్థి అదే ప్రశ్న అడిగితే అతని బోర్డుకు సరిపోయే జవాబు వస్తుంది.

ఫెడోరాలో ఇంకొక సౌకర్యం ఉంది. ప్యాకేజీలో పీసీ ఫైలు ఉంటే, ఆర్‌పీఎం దానిని చదివి 'ఈ ప్యాకేజీ ఫలానా పీకేజీ-కాన్ఫిగ్ పేరును అందిస్తుంది' అని తానే నమోదు చేస్తుంది. ప్యాకేజీ పేరు గుర్తులేకపోయినా ఆ పేరుతో దానిని ఇన్‌స్టాల్ చేయవచ్చు. పీసీ ఫైలు లేకపోతే ఈ సౌకర్యం కూడా పోతుంది.

9.5 తరచుగా జరిగే పొరపాట్లు

(1) తప్పు ప్రిఫిక్స్ : తయారుచేసినవారి హోమ్ డైరెక్టరీ పీసీ ఫైలులో అలాగే ఉండిపోవడం.

ఈ పొరపాటు నేనే చేశాను. విభాగంలో పనిచేసే రోజుల్లో విద్యార్థుల అభ్యాసం కోసం ఒక చిన్న లైబ్రరీని ప్యాకేజీగా చేసి ఇచ్చాను. నా కంప్యూటర్‌లో పరీక్షించి, బాగుందనుకున్నాను. మహబూబాబాద్ ప్రాంతం నుంచి వచ్చే ఒక విద్యార్థి దానిని ఇంటికి తీసుకువెళ్లాడు. పగలు కొట్లో పని, రాత్రి చదువు. రెండు వారాల తరవాత వచ్చి, "సార్, ఈ కోర్సు నాకు రాదేమో, మానేద్దామనుకుంటున్నా" అన్నాడు. అతని ప్రోగ్రామ్ చూశాను. ఒక్క తప్పు లేదు. నా పీసీ ఫైలు తెరిచి చూస్తే ప్రిఫిక్స్ పంక్తిలో నా హోమ్ డైరెక్టరీ ఉంది. ఆ డైరెక్టరీ ఉన్నది ప్రపంచంలో నా కంప్యూటర్‌లో ఒక్కదానిలోనే. అందుకే నాకు పనిచేసింది. ఆ పంక్తిని మార్చడానికి అర నిమిషం పట్టింది. అతను పోగొట్టుకున్నది రెండు వారాల రాత్రులు, తన మీద తనకున్న నమ్మకం. తప్పు నాదని అతనికి చెప్పాను. కోర్సు మానలేదు.

కొత్తగా నేర్చుకునేవారు కంపైలర్ చూపించే ప్రతి తప్పునూ తమ తప్పే అనుకుంటారు. పక్కన అడగడానికి మనిషి లేనప్పుడు ఆ భావన ఇంకా బలపడుతుంది. ప్యాకేజీ తయారుచేసేవారు ఈ విషయాన్ని మరవకూడదు.

దీనికి నివారణ : పీసీ ఫైలును చేత్తో రాయకండి. ఆటోటూల్స్ వాడితే చివర 'ఇన్' అని ఉండే నమూనా ఫైలు రాసి, ప్రిఫిక్స్‌ను కాన్ఫిగర్ దశలో పూరించనివ్వండి. మీసాన్ వాడితే దాని పీకేజీకాన్ఫిగ్ మాడ్యూల్ ఫైలును తానే తయారుచేస్తుంది.

(2) ఆధారాలు పొసగకపోవడం : పీసీ ఫైలులో హార్ఫ్‌బజ్ అవసరమని రాసి, ప్యాకేజీ ఆధారాల జాబితాలో హార్ఫ్‌బజ్ డెవలప్‌మెంట్ ప్యాకేజీని చేర్చకపోవడం. అప్పుడు 'ఊరిపేరు' ఇన్‌స్టాల్ అవుతుంది కాని, పీకేజీ-కాన్ఫిగ్‌ను అడిగితే 'ఊరిపేరుకు అవసరమైన హార్ఫ్‌బజ్ కనబడలేదు' అనే సందేశం వస్తుంది. పీసీ ఫైలు అడిగేవాటిని ప్యాకేజీ కూడా తెచ్చిపెట్టాలి.

(3) వెర్షన్ సంఖ్యలో గందరగోళం : వెర్షన్ దగ్గర అందరికీ తెలిసిన విడుదల సంఖ్యనే రాయాలి. ఫ్రీటైప్ విషయంలో చారిత్రక కారణాల వల్ల ఇది వేరుగా ఉంది. ఫ్రీటైప్ 2.11.1 వెర్షన్‌ను పీకేజీ-కాన్ఫిగ్ 24.1.18 అని చూపిస్తుంది. ఇది లిబ్‌టూల్ లెక్కలో వచ్చే సంఖ్య. తెలియనివారు 'నాకు 2.11 లేదా అంతకన్న కొత్తది కావాలి' అని షరతు పెడితే, ఎంత పాత ఫ్రీటైప్ ఉన్నా షరతు నెగ్గినట్లే కనిపిస్తుంది. మీరు కొత్తగా రాసే లైబ్రరీలో ఇటువంటి రెండు లెక్కలు పెట్టకండి.

(4) రన్‌టైమ్ ప్యాకేజీలో పెట్టడం : పీసీ ఫైలు డెవలప్‌మెంట్ ప్యాకేజీలోనే ఉండాలి. హెడర్లు లేని చోట పీసీ ఫైలు ఉంటే, సాధనం 'లైబ్రరీ ఉంది' అని జవాబిస్తుంది. తరవాత కంపైలర్ 'హెడర్ లేదు' అంటుంది. లేదని ముందే చెప్పడం కన్న ఇది ఎక్కువ నష్టం చేస్తుంది.

9.6 ఇతర మెటాడేటా ఫైళ్లు

సీమేక్ కాన్ఫిగ్ ఫైళ్లు : సీమేక్‌తో ప్రాజెక్టులు నిర్మించేవారు ఫైండ్-ప్యాకేజ్ అనే ఆదేశం వాడతారు. లైబ్రరీ తనతో పాటు కాన్ఫిగ్ ఫైలును, వెర్షన్ ఫైలును ఇస్తే సీమేక్ వాటిని నేరుగా చదువుతుంది. ఇవ్వకపోతే, వాడుకునేవారు ఆ లైబ్రరీని ఊహించి వెతికే ఫైలును తామే రాసుకోవాలి. లైబ్రరీని గురించి దానిని రాసినవారికి తెలిసినంతగా వాడేవారికి తెలియదు కాబట్టి, మొదటి పద్ధతే మేలు. సీమేక్ వాడేవారికి కాన్ఫిగ్ ఫైలు, మిగిలినవారికి పీసీ ఫైలు ఉపయోగపడతాయి; వీలైతే రెండింటినీ ఇవ్వాలి. రెండూ ఒకే సమాచారాన్ని చెప్పాలి.

లిబ్‌టూల్ ఫైళ్లు : వీటి పేరు చివర చుక్క, ఎల్ఏ అనే అక్షరాలు ఉంటాయి. ఇవి కూడా మెటాడేటాయే. కాని వీటిలోని ఆధారాల జాబితా వల్ల ప్రోగ్రామ్‌లు అవసరం లేని లైబ్రరీలతో లింకు అవుతాయి. అందువల్ల ఇతరులు వాడుకునే లైబ్రరీల ప్యాకేజీలలో వీటిని సాధారణంగా చేర్చవద్దని డెబియన్ విధాన పత్రం చెబుతుంది. ఫెడోరా నియమాలు కూడా వీటిని తీసివేయమంటాయి. మెటాడేటా ఎంత ఎక్కువుంటే అంత మంచిదనే అభిప్రాయం సరికాదని దీనివల్ల తెలుస్తుంది. వాడేవారికి అవసరమైనంత, సరైనంత ఉంటే చాలు.

9.7 ఇతరులకు ఇచ్చే ముందు పరీక్ష

1. పీకేజీ-కాన్ఫిగ్‌కు వాలిడేట్ ఆప్షన్ ఇచ్చి, పీసీ ఫైలులో రాత దోషాలు లేవని నిర్ధారించుకోండి.
2. మాడ్‌వెర్షన్ ఆప్షన్‌తో వెర్షన్ అడిగి, విడుదల సంఖ్యతో పోల్చండి.
3. సీఫ్లాగ్స్, లిబ్స్ అడగండి. జవాబులో మీ హోమ్ డైరెక్టరీ పేరు కనిపించకూడదు.
4. ఇంతకుముందు ఈ లైబ్రరీ లేని కంప్యూటర్‌లో లేదా కంటైనర్‌లో డెవలప్‌మెంట్ ప్యాకేజీని ఒక్కదానినే ఇన్‌స్టాల్ చేయండి. దాని ఆధారాలు వాటంతట అవే రావాలి.
5. అక్కడ ఐదారు పంక్తుల ప్రోగ్రామ్ రాసి కంపైల్ చేయండి. మన ఉదాహరణలో 'భూపాలపల్లి' అని ముద్రించి, లకారం కింద ఒత్తు సరిగా వచ్చిందో చూడండి.
6. స్టాటిక్ లైబ్రరీ కూడా ఇస్తుంటే, స్టాటిక్ ఆప్షన్‌తో మరొకసారి పరీక్షించండి.

వీటిలో నాలుగోది అన్నింటికన్న ముఖ్యం. మీ సొంత కంప్యూటర్ మీకు ఎప్పుడూ అనుకూలంగానే సాక్ష్యం చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) లైబ్రరీ హెడర్‌లో హెచ్‌బీ.హెచ్ చేర్చి ఉంటే, హార్ఫ్‌బజ్‌ను ఏ అంశం కింద రాయాలి?
ఆ) లిబ్‌టూల్ ఫైళ్లను ప్యాకేజీ నుంచి ఎందుకు తీసివేస్తారు?

9.8 సారాంశం

లైబ్రరీని నడపడానికి రన్‌టైమ్ ప్యాకేజీ, దానితో కొత్త ప్రోగ్రామ్ రాయడానికి డెవలప్‌మెంట్ ప్యాకేజీ అవసరం. హెడర్లు, లైబ్రరీ ఎక్కడున్నాయో, ఇంకేమి కావాలో చెప్పే సమాచారం మొత్తం లైబ్రరీ ఫైలులో ఉండదు. దానిని పీసీ ఫైలు, సీమేక్ కాన్ఫిగ్ ఫైలు చెబుతాయి. ఇవి డెవలప్‌మెంట్ ప్యాకేజీలోనే ఉండాలి. సరైన ప్రిఫిక్స్, నిజమైన వెర్షన్, అవసరమైన ఆధారాలు మాత్రమే కలిగి ఉండాలి. లిబ్‌టూల్ ఫైళ్లను సాధారణంగా తీసివేయాలి.

దూరవిద్యలో అధ్యాపకుడు ఎదురుగా లేని లోటును పాఠ్యపుస్తకం తీర్చాలి. లైబ్రరీ రాసినవారు ఎదురుగా లేనప్పుడు ఈ చిన్న ఫైలు చేసే పని కూడా అదే.

9.9 ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. అ) హెడర్ ఫైళ్లు, లింకర్ వెతికే పేరు, స్టాటిక్ లైబ్రరీ, మెటాడేటా ఫైళ్లు. ఆ) ఫాంట్ వివరాలు ఫాంట్ ఫైలులోని పట్టికల్లోనే ఉంటాయి, హెడర్ల దారి, కంపైలర్ ఆప్షన్లు లైబ్రరీ ఫైలులో ఉండవు.
2. అ) రిక్వైర్స్. ఆ) అవి అవసరం లేని లైబ్రరీలతో లింకు అయ్యేటట్లు చేస్తాయి కనుక.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డెవలప్‌మెంట్ ప్యాకేజీలో మెటాడేటా ఫైలు ఆవశ్యకతను సోదాహరణంగా వివరించండి.
2. పీసీ ఫైలు తయారీలో జరిగే పొరపాట్లను, వాటి నివారణ మార్గాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రిక్వైర్స్, రిక్వైర్స్.ప్రైవేట్‌ల మధ్య తేడా ఏమిటి?
2. సీమేక్ కాన్ఫిగ్ ఫైలును లైబ్రరీ రాసినవారే ఎందుకు ఇవ్వాలి?

III. అభ్యాసం : మీ ఊరి పేరును ముద్రించే చిన్న లైబ్రరీ రాసి, పీసీ ఫైలుతో సహా మీ అధ్యయన కేంద్రంలోని ఒక సహ విద్యార్థికి ఇవ్వండి. నోటితో ఏ సూచనా ఇవ్వకండి. వారు మిమ్మల్ని అడగవలసి వచ్చిన ప్రతి ప్రశ్ననూ రాసుకుని, దానికి జవాబు ప్యాకేజీలోనే దొరికేటట్లు సవరించండి.